మాలులో పోసిన మగ్గు నీళ్లు

అది మంగళవారం, పొద్దున పదకొండుంబావు. హసన్‌పర్తి దగ్గరి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, కాంక్రీటు ల్యాబులో ఈ సంగతి జరిగింది. నేను అక్కడ అటెండరును. అంతకుముందు ముప్పై ఏళ్లు మేస్త్రీల కింద సిమెంటు, ఇసుక, కంకర వేసి మాలు కలిపాను, తట్టలు మోశాను. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. బలం పరీక్షించడానికి పోసే కాంక్రీటు దిమ్మెల మీద నంబరూ తేదీ రాసే పని నాకిచ్చారు. ఆ పనంటే గర్వంగా ఉండేది. ఉన్నమాట దాచను.

అక్కడ ఒక పిల్ల పీహెచ్‌డీ చేస్తోంది. సిమెంటులో కొంత తగ్గించి, దాని బదులు కరెంటు ఫ్యాక్టరీ బూడిద వేస్తుంది. బూడిద వేస్తే దిమ్మెకు బలం ఆలస్యంగా వస్తుంది. ఆ లోటు పూడ్చడానికి నానో సిలికా అనే తెల్లటి పొడి కలుపుతుంది. ముఖానికి రాసుకునే పౌడరు దాని ముందు ఇసుక. రెండేళ్లుగా ఇదే పని. ఆ నెలాఖరుకు థీసిస్ పుస్తకం రాసి ఇచ్చేయాలి. గడువు రెండుసార్లు పెంచారు, ఇక పెంచరు.

ఆ పొడి నీళ్లు తాగేస్తుంది. కలిపిన కాసేపటికే మాలు బిర్రుగా అవుతుంది. అప్పుడు నీళ్లు పోయకూడదు, మాలును వదులు చేసే సీసాలోని మందు కొలిచి పోయాలి. నీళ్లెక్కువైతే బలం పోతుంది. ఈ సంగతి ఆమె నాకు పదిసార్లు చెప్పింది.

ఆ మంగళవారానికి ఇరవై ఎనిమిది రోజుల ముందు చివరి దిమ్మెలు పోశాం. ఆమె మందు సీసా కోసం పక్క గదికి వెళ్లింది. మాలు గట్టిపడుతోంది, తాపీ దిగడం లేదు. మగ్గుతో నీళ్లు పోసేశాను. ఆలోచించి పోయలేదు. పైనుంచి మేస్త్రీ కేక వేయగానే నీళ్లు పోసి పోసి అలవాటైన చెయ్యి అది. ఆమె తిరిగొచ్చి, మందు కొద్దిగా పోసి కలిపి చూసి, “ఈసారి మంచిగ కలిసింది పెద్దమ్మా, మందు జరంతనే పట్టింది” అంది. నేను తాపీ తీసుకుని మాలును అచ్చుల్లోకి ఎత్తాను.

మంగళవారం ఆ దిమ్మెలను తొట్టిలోంచి తీసి మిషనులో పెట్టారు. అన్నిటికంటే ఎక్కువ బరువు మోయాల్సినవి అవే. మొదటిది ఇదివరకటి అన్నిటికంటే తక్కువ బరువుకే పగిలింది. రెండోదీ అంతే.

మిషను నడిపే మెకానిక్కు నవ్వాడు. “ఏంది పెద్దమ్మా, కాంక్రీటు పొయ్యమంటె ఉప్మా పోసినవా?”

ఆ పిల్ల నవ్వలేదు. తన పీహెచ్‌డీ చూసే సారును పిలిచింది. ఆయన వచ్చి పగిలిన ముక్కను చేత్తో నలిపి చూశాడు.

“పొడి ఎక్కువైందమ్మా. ఉండలు కట్టి ఉంటది. కారణం అదే అని రాసెయ్.”

ఆమె పెన్ను తీసింది. అది అబద్ధం. పుస్తకంలోకి ఎక్కితే పదిమంది చదివి నమ్ముతారు.

“రాయకు బిడ్డా,” అన్నాను. “నేను నీళ్లు పోసిన.”

“ఎన్ని?” అన్నాడు సారు.

“ఒక మగ్గు.”

“ఇన్ని రోజులు చెప్పకుంట ఏం చేసినవ్?”

“భయపడ్డ సారూ.”

ఆ ఒక్క వరస దిమ్మెల లెక్క కొట్టేస్తే మిగిలిన పని నిలుస్తుందని ఆమె మెల్లగా అంది. సారు ఆమెను ఆపి నావైపు తిరిగాడు. “ఇంక ఎన్నడన్న పోసినవా?”

లేదు అనొచ్చు. ఆమె కూడా ఆ మాట కోసమే నా ముఖంలోకి చూస్తోంది. ఎంత గుర్తు చేసుకున్నా ఏ రోజు పోశానో, ఏ రోజు పోయలేదో తేలలేదు. చెయ్యి చేసిన పని నాకెప్పుడూ లెక్క చెప్పలేదు.

“ఎర్క లేదు సారూ. పోసిననేమో.”

ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. ఇక ఏ అంకెనూ నమ్మడానికి లేదు. మళ్లీ పోసి ఇరవై ఎనిమిది రోజులు ఆగడానికి నెలలో అన్ని రోజులు లేవు.

“ఏం పెద్దమ్మా, పోయలేదని ఒక్క మాట అంటె అయిపోతుండె గద,” అంది ఆమె. తిట్టినట్టు కాదు. అడిగినట్టు అంది.

పుస్తకం గడువులోగా వెళ్లలేదు. ఆమె మట్టెవాడలో వాళ్ల నాన్న దుకాణంలో కూర్చుంటోందని విన్నాను. అటువైపు వెళ్లడానికి నాకు ముఖం లేదు.

ఇది నిజమో కాదో ఎవరినైనా అడగొచ్చు, ఆ రోజు ల్యాబులో ఉన్నది నలుగురం: సారు, మిషను నడిపే మెకానిక్కు, ఆ పిల్ల, నేను.