పాకం బండి దగ్గర డాక్టరుగారు

అది 2024 మార్చి. బ్రాంప్టన్ నుంచి క్యూబెక్ సిటీకి వెళ్ళే తెలుగువాళ్ళ బస్ టూర్లకు నేను గైడుని. ఆ ట్రిప్పుకి ఓక్‌విల్ నుంచి డాక్టర్ శేషగిరిగారు వచ్చారు. నలభై ఏళ్ళు షుగర్ పేషెంట్ల నోళ్ళు కట్టేసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆయనకే షుగర్. మోకాలి నొప్పితో ఇంట్లో ఆగిపోతున్న ఆయన భార్య సుభద్ర ఆంటీ, బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"మా ఇద్దరి చేతులకీ షుగర్ సెన్సార్లున్నాయమ్మా. ఆయనది నా ఫోన్లో, నాది ఆయన ఫోన్లో కనిపిస్తుంది, ఎక్కువైతే అలారం మోగుతుంది. ఆయన షుగర్ గీత దాటిందో, ఇదే ఆఖరి టూర్. నువ్వే కనిపెట్టుకుని ఉండాలి."

సరేనన్నాను. బుద్ధి తక్కువై అన్నాను.

కోటగోడ లోపలి పాత ఊరు, ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న రాతి ఇళ్ళు, ఏటవాలు వీధులు అన్నీ చూపించాను. చలికాలం చివర్లో అక్కడ ఒక వేడుక ఉంది. మేపుల్ చెట్టు రసాన్ని కాచి, పాకం ముదిరాక మంచు మీద ధారగా పోసి, పుల్లకు చుట్టుకుని తింటారు. ఆ మాట చెప్పగానే డాక్టరుగారు "విషం! శుద్ధ విషం!" అని అందరికీ వినిపించేలా అన్నారు. నాకు నిశ్చింత కలిగింది.

బస్సు కదిలే ముందు హెడ్ కౌంట్, అంటే తలలు లెక్కపెట్టడం, మా పనిలో తప్పనిది. ఒక తల తగ్గింది. వెనక్కి పరుగెత్తాను. డాక్టరుగారు పాకం బండి పక్కన, మీసాలకు పాకంతో, మూడో పుల్ల మీద ఉన్నారు.

"అంకుల్!"

"టెస్ట్ చేస్తున్నానమ్మా. మన ఉండపాకానికి ఇంకొంచెం ముదరాలి."

అంతలో నా ఫోన్ మోగింది. ఆంటీ. "ఆయనకివ్వు."

పెద్దాయన మొహం పాలిపోయింది. "అయిపోయింది. ఇక గ్రోసరీకి తప్ప గడప దాటనివ్వదు," అన్నారు. నాకు నిజంగా జాలేసింది. చలికి సెన్సార్ పాడైందని అబద్ధమాడదామనుకున్నాను కూడా.

అప్పుడే ఆయన జేబులో ఫోన్ గీపెట్టింది. తన అలారాన్ని ఎప్పుడో ఆపేశారు. ఇది ఆంటీ షుగర్ అలారం. ఆయన చూసి, మీసాలు తుడుచుకుని, నా ఫోన్ తీసుకుని స్పీకర్ నొక్కారు. ఆయన నోట వచ్చిన గొంతు అచ్చం క్లినిక్‌లోది.

"సుభద్రా, నీది నాకన్నా ఎక్కువుంది. ఏం తిన్నావు?"

అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినిపించింది.

"బొబ్బట్లు. రెండే."

"రెండా?"

"నాలుగు. మీరు ఇంట్లో లేరు కదా అని..."

ఆ రోజు నుంచి ప్రయాణికుల సామానుకు పూచీ పడతాను కానీ, నోటికి మాత్రం పడను. ఆంటీ కూడా ఆయన్ని కనిపెట్టుకోమని మళ్ళీ నన్ను అడగలేదు. ఆ ఫోన్ పెట్టేసే ముందు ఆమె అడిగింది ఒక్కటే: "మీ తర్వాతి టూర్ ఎప్పుడమ్మా? ఆయన్ని పంపిస్తాను."