సీసాల మూతల మీది సిందూరం

మా ప్రయోగశాలలో సీసాలు కడిగే తవిటయ్యకు దుమ్మంటే పగ. పదిహేనేళ్ళు విశాఖ రేవులో ఇనుప ఖనిజం మోసి, దగ్గు పట్టుకున్నాక మా దగ్గర చేరాడు. అతని భార్య అసిరమ్మ ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఎర్రబడేవట. అందుకే గడప దగ్గర ప్రొఫెసరు గారినైనా వదలడు. "ఏటి బాబూ, ఉంగరం తియ్యకుండా వచ్చేత్తన్నారు? దాని సందులో దుమ్ముండదా?" అని నిలదీసేవాడు.

1984లో అంటార్కిటికా వెళ్ళే ఓడలో మా సీసాలకు చోటు దొరికింది. అక్కడి మంచు నింపి తెస్తారు. మన బండ్ల పెట్రోలు, మన కొలుముల పొగ వదిలే సీసం మనుషులే లేని ఆ మంచు దాకా చేరిందా అన్నది నేను తేల్చాలి. నా మూడేళ్ళ పరిశోధన దాని మీదే నిలబడింది. ఉన్నా అది బస్తా బియ్యంలో నూకంత కూడా ఉండదు. అందుకే తవిటయ్య నలభై సీసాలను యాసిడ్‌లో నానబెట్టి రెండు నెలలు కడిగాడు. చేతులు పగిలినా ఇంకొకర్ని ముట్టనివ్వలేదు.

మరుసటి మార్చిలో సీసాలు తిరిగొచ్చాయి. పరీక్షిస్తే అన్నిట్లోనూ సీసమే! అది మంచా, గ్యారేజీ వెనక మురుగా? మళ్ళీ చూశాను, మళ్ళీ అంతే. యాసిడ్‌ని తిట్టాను, యంత్రాన్ని తిట్టాను, ఓడకు వేసిన రంగును తిట్టాను. వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి తవిటయ్య మీద విరుచుకుపడ్డాను.

"రెండు నెలలు ఏం కడిగావయ్యా నువ్వు?"

అతను ఒక మూత తీసి వెలుతురుకు పట్టాడు. అంచు గాడిలో సన్నటి ఎర్ర గీత.

"దసరాకి బొట్టెట్టాను బాబూ. ఓడెక్కి అంత దూరం ఎల్తన్నాయి గదా, ఒట్టిగా ఎలాగ పంపుతాం? ఆంజనేయసామి గుడి సిందూరమే. తరవాత శుబ్బరంగా తుడిసేను గానీ..."

ఆ సిందూరం చేసేదే సీసంతో. నలభై సీసాలూ పాడైనట్టే. మళ్ళీ మంచు రావాలంటే ఇంకో ఏడాది, అదీ ఓడలో చోటిస్తే.

అరవబోయాను, అంతలో గుర్తొచ్చింది. ఆయుధపూజ నాడు అతను త్రాసుకూ సీసాలకూ బొట్లు పెడుతుంటే, పక్కన నిలబడి కొబ్బరిముక్క నమిలింది నేనే. అతను మరిచిపోయిన చివరి వరసలో ఎనిమిది సీసాలు శుభ్రంగా మిగిలేవి. "అవేం పాపం చేశాయి తవిటయ్యా, వాటికీ పెట్టు" అన్నది కూడా నేనే.