సీటులో నా సగం

"...కంప్యూటరంటే నా చెల్లెలికి ఉండే భయం పోవాలని మీరందరూ ప్రార్థన చెయ్యండి" అంటా ఉండాది మైకులో మా అక్క. నేను చర్చి వసారాలో చాప మీద సండే స్కూలు పిల్లకాయలకి బొరుగులు పంచతా ఉండాను. చేతిలో బొరుగులు చేతిలోనే ఉండిపోయినాయి. ఆమెకి చెల్లెలంటే నేనొక్కదాన్నే. లోపల అందరూ గట్టిగా ఆమెన్ అనేసినారు.

నాకు భయమా? దాన్ని కంటితో చూస్తే గదా భయపడేదానికి!

మైకు ఆగలా. "మీ చెల్లెలు ఏదమ్మా, సగం కోర్సు ఆ పిల్లది గదా అని కంప్యూటరు సార్ అడగతానే ఉన్నాడు. అది రానంటే రానన్నాది. ఆ సగం కూడా దేవుడు నాకే ఇచ్చినాడు. ఇప్పుడు అక్కడే కొత్తోళ్ళకి నేర్పే ఉద్యోగం ఇచ్చినాడు. దేవునికే స్తోత్రం."

ఉద్యోగం సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది, అందరితో పాటు.

అసలు జరిగిందేందంటే, ఆత్మకూరు బస్టాండు దగ్గర మేడ మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినారు. మా ఉదయగిరిలో అప్పటికి అట్టాంటిది లేదు. నేను పది తప్పి ఇంట్లో ఉండాను, మా పెద్దమ్మ కూతురు, అంటే ఈ అక్కే, ఇంటరు అయిపోయి పక్కింట్లో ఉండాది. ఫీజు మా ఇంటివల్లా కాదు, వాళ్ళింటివల్లా కాదు. అందుకని రెండిళ్ళూ కలిసి ఒక్క సీటు తీసుకున్నారు. పేరు అక్కది. ముందు సగం ఆమె పోవాల, తర్వాత సగం నేను పోవాల. సార్ కూడా నవ్వి సరేనన్నాడు.

అక్క రోజూ బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చేది. సబ్బుల అట్టపెట్టె చించి దాని మీద స్కెచ్ పెన్నుతో కీబోర్డు గీసినాది. నేను దాని మీద వేళ్ళతో కొట్టాల, ఆమె పక్కన కూర్చోని అక్షరాలు చెప్పాల.

"అది చిటికెనేలుతో కొట్టేది మే. చూపుడేలు ఎందుకు పెడతావు, అప్పడం పొడిచినట్టు?"

"ఏమైంది, అట్టే గదా!"

"అక్కడికొచ్చినాక కూడా ఇట్టే పొడిచినావంటే సార్ తరిమేస్తాడు."

ఆమె అరిచినా నాకు కోపం రాలా. అక్కడికి చెప్పులు విప్పి పోవాలంట, లోపల ఏసీ అంట, తెర నల్లగా ఉంటాదంట, మనం కొడితే తెల్లగా అక్షరం పడతాదంట. అవన్నీ మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేదాన్ని. బియ్యం చెరిగేటప్పుడు కూడా చేట మీద నా వేళ్ళు ఊరికే ఉండేవి కావు. ఏంది ఆ పాడు అలవాటని అమ్మ తిట్టేది.

నా వంతు వచ్చేసరికి అక్క మొహం వేలాడేసుకోని వచ్చినాది. "సార్ ఒప్పుకోలా మే. పేరు నాది గాబట్టి నేనే రావాలంట" అన్నాది. ఆ రోజు నన్ను పట్టుకోని ఏడ్చినాది కూడా. నేనే ఆమె కళ్ళు తుడిచి, పోనీలే, నువ్వు నేర్చుకోని నాకు అట్ట మీద చెప్పుదువులే అన్నాను. చూడండి నా తెలివి!

చర్చి విడిచిపెట్టినారు. మా వీధి అవ్వ ఒకామె వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "భయపడబాకమ్మా, అదేం చేస్తాది, టీవీ మాదిరి పెట్టే గదా" అన్నాది. ఆమెకి కంప్యూటరు గురించి నాకంటే ధైర్యం! ఆమెని విడిపించుకోని చెప్పుల దగ్గర అక్కని పట్టుకున్నాను.

"నాతో సార్ ఒప్పుకోలా అని చెప్పి, సార్‌తో నాకు భయమని చెప్పినావా?"

"మెల్లగా మాట్లాడు, అందరూ చూస్తా ఉండారు."

"మైకులో చెప్పింది నువ్వు, మెల్లగా మాట్లాడాల్సింది నేనా?"

ఆమె నా కళ్ళలోకి చూడలా. చెప్పు వారు సరిచేసుకుంటా, "సగం నేర్చుకున్నోళ్ళకి ఎవరిస్తార్మే ఉద్యోగం? నీకు సగం ఇచ్చుంటే ఇద్దరం ఇంట్లోనే ఉండేవాళ్ళం. రోజూ నీకు నేర్పలేదా నేను?" అన్నాది.

"అట్ట ముక్క మీద."

"ఏదో ఒకటి మీద నేర్పినాను గదా!"

ఈ మాట అన్నప్పుడు ఆమెకి నిజంగానే కోపం వచ్చినాది, నేనే విశ్వాసం లేనిదాన్ని అయినట్టు. అప్పుడనిపించింది, ఈ అబద్ధం ఎంతమందికి చెప్పుకునిందో, చెప్పీ చెప్పీ ఆమే నమ్మేసినట్టుండాది.

ఇంటికి పోయి అమ్మతో చెప్పినాను. అమ్మ పొయ్యి కాడ నించి తల తిప్పలా. "నాకు తెలుసులే. పెద్దమ్మ చెప్పినాది. ఆడపిల్లవి, రోజూ ఆ బస్సుల్లో తిరిగేదెందుకని నేనే గమ్మునున్నా."

అక్క మీద అరిచేదానికి నోరొచ్చింది గానీ, అమ్మ దగ్గర రాలా. అన్నం పెడితే తిన్నాను, అంతే.

తెల్లారి ఎవరితో చెప్పకుండా ఆత్మకూరు పోయే మొదటి బస్సు ఎక్కినాను. దుత్తలూరు దాటేదాకా నిలబడే పోయినాను. మెట్లెక్కి, చెప్పులు విప్పి, అద్దాల తలుపు తోసినాను. సార్ ఒక్కడే ఉన్నాడు.

"సార్, భయమని మీరనుకున్న చెల్లెలు నేనే. నా సగం కోర్సు కోసం వచ్చినాను."

"ఆ కోర్సు అయిపోయింది గదమ్మా."

"మా అక్కకి అయిపోయింది సార్. నాకు మొదలే కాలా."

సార్ నన్నట్టే చూసినాడు. తర్వాత మూలనుండే కంప్యూటరు మీద గుడ్డ తీసి, ఆన్ చేసి, "బ్యాచ్ వచ్చేదాకా కూర్చో" అన్నాడు. నేను అట్ట మీది అలవాటుగా ఒక అక్షరం మీద వేలు పెట్టి గట్టిగా ఒత్తి పట్టినాను. ఒక్క అక్షరం రావాల్సిన చోట వరసగా తెరంతా అదే అక్షరం పరిగెత్తుకుంటా పోయినాది.

అంతలో తలుపు తెరుచుకునింది. అక్క. కొత్త చీర కట్టుకోని, చేతిలో హాజరు పుస్తకం. నన్ను చూసి గడప దగ్గరే నిలబడిపోయినాది. ఆమె వెనక కొత్త ఆడపిల్లలు గుడ్ మార్నింగ్ మేడమ్, గుడ్ మార్నింగ్ మేడమ్ అంటా లోపలికొస్తా ఉన్నారు.

నేను లేచి నిలబడినాను.

"గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాను. "ఇదంతా చెరపాలంటే ఏది కొట్టాల?"