అన్నకు నేను పెట్టిన పథ్యం

మా అన్న జబ్బును మొదట కనిపెట్టినవాడు ప్రొద్దుటూరు దర్జీ మస్తాన్ సాయిబు. డాక్టర్లు తర్వాత ఆయనతో ఏకీభవించారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆరేడేళ్లయిన రోజులవి. అన్న ఓబులేసు పులివెందుల దగ్గర పల్లెలో శనక్కాయ పండించేవాడు. నేను బి.ఏ. చదివి జమ్మలమడుగు హైస్కూల్లో మాస్టరుగా ఉన్నాను. ఒకే తానులో ఇద్దరికీ చొక్కాలు కుట్టించుకుందామని వెళ్లాం. సాయిబు అన్న మెడకు టేపు చుట్టి, పాత కొలతల పుస్తకం తిరగేసి, మళ్లీ చుట్టాడు.

"ఏంది ఓబులేసప్పా, ఛాతీ రెండంగుళాలు తగ్గిండాది, మెడేమో లావయిండాది. మనిషి చిక్కితే మెడ గూడా చిక్కల్ల గదా?"

"వీని చదువంతా మోసిన మెడ గదా సాయిబూ, కాయ గాసింటాది," అన్నాడు అన్న.

సాయిబు టేపు పక్కన పెట్టాడు. చెవి కింద వేలితో తడిమి, "చొక్కా తర్వాత కుడ్తా, ముందు ఆస్పత్రికి పోండప్పా," అన్నాడు. అక్కడ నిమ్మకాయంత గడ్డ. నొప్పి లేదు గనక అన్న దాన్ని లెక్కచేయలేదు. ప్రతి ఆదివారం పల్లెకు పోయి ఆ మెడ చూస్తున్న నేను అసలు గమనించనేలేదు.

స్థానిక డాక్టరు చూసి మద్రాసుకు చీటీ రాసిచ్చాడు. ఎర్రగుంట్లలో రైలెక్కాం. అక్కడ గడ్డలోంచి చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపారు. వారం తర్వాత తెలుగు తెలిసిన పెద్ద డాక్టరొకాయన నన్ను వరండాలోకి పిలిచారు.

"హాడ్జ్‌కిన్స్ డిసీజ్. క్యాన్సర్‌లో ఒక రకం. ఇంజక్షన్లకు గడ్డలు కరుగుతాయి. ఎన్నాళ్లు కరిగి ఉంటాయో చెప్పలేను."

నేను వార్డులోకి వచ్చి, "గ్లాండ్ స్వెల్లింగ్ అంట," అన్నాను.

అన్న నా ముఖంలోకి చూశాడు. "నువ్వు అబద్దం జెప్పేటప్పుడు ఇంగిలీసు మాట్లాడ్తావురా."

మందు పేరు నైట్రోజన్ మస్టర్డ్. మస్టర్డంటే ఏందిరా అని అడిగితే ఆవాలని చెప్పాను. "ఆవాలకా ఇంత దూరం వచ్చిండేది? మీ వదిన్నడిగింటే ఇంట్లోనే తిరగవాత పెట్టేది గదా," అన్నాడు. ఇంజక్షన్ నరంలోకి పోయిన రెండు గంటలకు ఆ తమాషా అయిపోయింది. రెండు రోజులు ఆగకుండా వాంతులు. నేను బేసిన్ పట్టుకుని నిలబడ్డాను. నా చదువుకు తగిన పని అదొక్కటే దొరికింది.

పంపించేటప్పుడు డాక్టరు అన్నారు: "ఆరు వారాలకు రండి. బ్లడ్ కౌంట్ చూసి, ఒంట్లో బలముంటేనే రెండో కోర్సు. ఏమైనా అడగాలా?"

చాలా అడిగాను. వైట్ సెల్స్ ఎందుకు తగ్గుతాయి, మందు గడ్డను ఎట్లా గుర్తుపడుతుంది, అన్నీ ఇంగ్లీషులో. ఏం తినాలో మాత్రం అడగలేదు. అది అడగవలసిన సంగతా? మందు పడితే పథ్యం ఉండాలని మా వైపు పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. పసరు మందుకే నలభై రోజుల పథ్యమైతే, నరంలోకి ఎక్కించిన మందుకు ఎంత ఉండాలి?

బడికి సెలవు పెట్టి నేనూ అన్న ఇంట్లోనే ఉన్నాను. రాగానే నేనే జాబితా రాసి వంటింటి గోడకు అంటించాను. చింతపండు, వంకాయ, గోంగూర, శనక్కాయలు, పెరుగు, గుడ్లు, మాంసం కూడదు. ఆవాలు కూడదు. ఆవాలు నరంలోకి ఎక్కించుకుని వచ్చిన మనిషికి ఆ మాట రాసి కింద గీత కూడా గీశాను. ఇక మిగిలింది పాతబియ్యపు అన్నం, మిరియాల చారు, బ్రెడ్డు.

రెండో వారంలో అన్నకు ఆకలి తిరిగి వచ్చింది. శనక్కాయ పచ్చడి మీదికి మనసు పోయింది.

"లక్షుమ్మా, శనక్కాయలు ఏంచి రోంత ఊరిబిండి నూర్తావా? సంగటిలోకి నాలిక పీకుతాంది."

వదిన నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"ఆయన సేన్లో కాసిన కాయ ఆయనకే లేదంటే ఎట్లబ్బీ? రోంత పెడితే ఏమైతాది?"

"మందు చెడ్తాది వదినా."

"వద్దులేమే," అన్నాడు అన్న. "అయివారు బెత్తం తీస్తాడు."

తర్వాత కూడా రోజూ అడిగాడు. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. దాన్ని నేను క్రమశిక్షణ అనుకున్నాను.

ఆరు వారాలకు మద్రాసులో తూకం వేస్తే పదకొండు పౌండ్లు తగ్గాడు. ఏం పెడుతున్నారని డాక్టరు అడిగారు. పాఠం బాగా వచ్చిన పిల్లవాడిలా జాబితా అంతా అప్పజెప్పాను. ఆయన కలానికి మూత పెట్టారు.

"ఇవన్నీ మానమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. అందరికీ తెలిసిందే."

"ఆయనకు ప్రోటీన్ కావాలి. గుడ్లు, మాంసం, శనక్కాయలు, నోటికి ఏది హితమైతే అది పెట్టాల్సింది. ఇప్పుడీ మనిషికి ఇంజక్షన్ ఇస్తే తట్టుకోడు." నా వైపు తిరిగి అన్నారు: "చదువుకున్నవారు గదా అని మీకు విడిగా చెప్పలేదు."

రెండో కోర్సు ఆపేశారు. బలం కోసం మూడు వారాలు వార్డులో ఉంచారు. ఆ మూడు వారాల్లో మెడకు రెండో పక్క కూడా గడ్డలు లేచాయి. నేను వదినకు కబురు పంపాను. ఆమె డబ్బాలో ఊరిబిండి, గుడ్డలో సంగటి ముద్ద కట్టుకుని రైలెక్కి వచ్చింది.

అన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఉప్పెయ్యలేదేమే?"

వదిన వేలితో కొంచెం నాకి చూసింది. "మర్చిపోయినా," అంది.

నేనూ రుచి చూశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

రెండో కోర్సు సగం మోతాదులో ఇచ్చారు. గడ్డలు సగమే కరిగాయి. మూడో కోర్సు దాకా అన్న ఆగలేదు. శనక్కాయ చెట్లు పీకే రోజుల్లో ఇంట్లోనే పోయాడు. పథ్యం వల్లనేనా అని డాక్టరుకు ఉత్తరం రాశాను. ఇటువంటి జబ్బులో ఏ సంగతీ ఖాయంగా చెప్పలేమని జవాబు వచ్చింది. నా తప్పు కాదని ఆయన రాయలేదు. మర్యాదస్తుడు, అవునని కూడా రాయలేదు.

ఇప్పటికీ అదే బళ్లో పాఠాలు చెబుతున్నాను. ఇంగ్లీషు వచ్చునని, మద్రాసు ఆస్పత్రికి పోయేవాళ్లు నన్ను తోడు రమ్మంటారు. వెళ్తాను. ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు ఏమైనా అడగాలా అన్నప్పుడు, ఏం తినొచ్చు అని మొదట అడగండి. ఇది అందరికీ తెలిసిందే కదా అనిపిస్తే, రెండుసార్లు అడగండి.

ఆదివారాలు పల్లెకు పోతే వదిన సంగటిలోకి ఊరిబిండి పెడుతుంది. ఇప్పుడు ఉప్పు కొంచెం ఎక్కువే వేస్తోంది. ఎక్కువైందని నేనెప్పుడూ అనలేదు.