పీట మీద పెట్టిన ఆటపెట్టె

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. అందుకే సరస్వతీ పూజ అంటే నాకు పట్టింపు ఎక్కువ. మూలా నక్షత్రం నాడు నా పుస్తకాలూ, మా ఆయన ఉలులూ పీట మీద పెట్టి పసుపు కుంకుమలు అద్దుతాను. విజయదశమి పొద్దున్న దీపారాధన అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. పోయినేడు వాటి పక్కన ఆటపెట్టెని కూడా పెట్టాను. తప్పు అక్కడే జరిగిందని తర్వాత ఒక పెద్దమనిషి నాకు ఫోన్లో వివరించాడు.

మాది బందరు. మా ఆయన పెడనలో కలంకారీ అద్దకానికి టేకు చెక్కతో అచ్చులు చెక్కేవారు. పక్షవాతం వచ్చి ప్రాణం మీదికి తెచ్చింది. ప్రాణం దక్కింది, దేవుడి దయ. కుడి చెయ్యి మాత్రం పిడికిలి బిగియడం మానేసింది. గుడివాడలో చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి, "బంతి నొక్కమంటే బాబాయిగారు రెండు నిమిషాలకే విసిరేస్తున్నారు పిన్నిగారూ, ఆట ఆడించండి" అని ఈ పడవ ఆట సంగతి చెప్పింది. టీవీకి తగిలించే పెట్టె, రెండు చేతులా పట్టుకునే పిడులు. పిడి బిగిస్తేనే తెర మీద తెడ్డు నీళ్ళలో పడుతుంది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

పెట్టె షాపులో దొరికింది. ఆటకి డిస్కు ఉండదనీ, ఇంటర్నెట్‌లోంచి దించుకోవాలనీ షాపతను చెప్పాడు. తెర మీద 'కొనండి' అని ఉంది. నొక్కాను. ఏ కాగితమైనా చివరి పంక్తిదాకా చదవమని నేర్పిన తండ్రికి పుట్టి, ఆ ఒక్క మాట చదివి ఆగిపోయాను.

నెల తిరక్కుండా మా ఆయన మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నారు. మూడో నెలకి అన్నం కలుపుకున్నారు. విజయదశమికి ఉలి పట్టుకుంటానని తనంతట తనే అన్నారు. దసరాకి దివిసీమలో ఆడపడుచు ఇంటికి వెళ్తూ నా పుస్తకాలూ, ఉలులూ, పెట్టే కూడా తీసుకెళ్ళాం. పూజకని మూడు రోజులు మానిపిస్తే ఫరవాలేదా అని ఆ గుడివాడ అమ్మాయిని ముందే అడిగాను. మూడు రోజులైతే సరే, అంతకు మించి వద్దు, వేళ్ళు మళ్ళీ బిగుసుకుంటాయి అంది.

పెట్టెని పీట మీద పెట్టిన సాయంత్రమే ఈదురుగాలి లేచి ఊళ్ళో సెల్ టవర్ మూగబోయింది. విజయదశమి పొద్దున్న మా ఆయన తలంటుకుని, ముందు పడవ ఆడి చెయ్యి సాగాక ఉలి అందుకుందామని కూర్చున్నారు. తెర మీద పడవ రాలేదు. 'మీ లైసెన్సు సరిచూడాలి, ఇంటర్నెట్‌కు కలపండి' అని వచ్చింది.

"అంటే ఏంటి వదినా?" అంది ఆడపడుచు.

"ఇది మనం కొన్నామో లేదో కనుక్కోవాలట."

"ఎవర్ని?"

"అమ్మినవాణ్ణే."

"అమ్మింది వాడేగా, వాడికి తెలీదా? అంత మతిమరుపైతే అన్నయ్య కన్నా ముందు వాడికి చూపించండి డాక్టర్ని!"

మా ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు మర్నాటికి లేదు. టవర్ లేవలేదు. ఆట ఆగిన ఐదో రోజు కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి జారి పగిలింది. ఉలుల్ని ఎడం చేత్తో గుడ్డలో చుట్టి సంచిలో పెట్టేశారు. వెంటనే ఆటో ఎక్కి, సిగ్నల్ అందే అవనిగడ్డ దాకా వెళ్ళి ఆ కంపెనీకి ఫోన్ చేశాను.

"ప్రతి మూడు రోజులకీ పెట్టె మా సర్వర్‌తో కలవాలండి. మీరు దాన్ని ఆపేసి ఉంచారు మేడమ్, అదీ ప్రాబ్లమ్."

"పూజలో ఉందండి. ముట్టుకోకూడదు."

"ఆటపెట్టా మేడమ్? పూజలోనా?"

"కొనుక్కున్న వస్తువు కదా బాబూ."

"మీరు ఆట కొనలేదు మేడమ్. ఆడుకోవడానికి అనుమతి తీసుకున్నారు."

"మరి కొనండి అని ఎందుకు రాశారు?"

"మీ అభిప్రాయం నోట్ చేసుకున్నాం మేడమ్."

ఎక్కడ నోట్ చేసుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. మా ఆయన ముప్ఫై ఏళ్ళు అచ్చులు చెక్కి అమ్మారు. కొన్నవాడు ఆ అచ్చుతో చీరలద్దుకున్నాడు, దుప్పట్లద్దుకున్నాడు, చెక్క బీట వారాక పొయ్యిలో పెట్టుకున్నాడు. ఏ ఇంటికైనా వెళ్ళి, ఈ అచ్చు ఇంకా నీదేనా, ఏదీ రుజువు చూపించు అని ఈయన అడిగి ఉంటే పెడనలో ఒంటి మీద చొక్కాతో తిరిగొచ్చేవారా? అచ్చులు చెక్కేవాడికున్న మర్యాద అంత పెద్ద కంపెనీకి లేకపోయింది. అమ్మినట్టు నటించి, ఇచ్చినట్టే ఇచ్చి, తలుపు తాళం తమ దగ్గరే ఉంచుకున్న మనుషుల్ని ఏమనాలో మా నాన్నగారు నేర్పిన మాటల్లో నాకు దొరకలేదు. ఆడపడుచు దగ్గర రెండు మూడు దొరికాయి కానీ ఇక్కడ రాయను.

మర్నాడు పెట్టెని తువ్వాల్లో చుట్టి, మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మళ్ళీ అవనిగడ్డ వెళ్ళాం. ఒక సెల్ ఫోన్ షాపులో గోడకి టీవీ ఉంది. తువ్వాలు విప్పి, కుంకుమ బొట్లు చూసి షాపతను, "ఉత్సవ విగ్రహాన్ని తెచ్చారేంటండీ పిన్నిగారూ!" అన్నాడు. తగిలించాడు. నిండా నిమిషం పట్టలేదు. 'ధ్రువీకరణ పూర్తయింది, ధన్యవాదాలు' అని తెర మీద పడింది. నా మనిషి ఆరు రోజుల కష్టానికి వాళ్ళు ఒక్క ధన్యవాదం పారేశారు.

"ఇంటికెళ్ళి ఆడదురుగాని" అన్నాను.

"ఇంటికెళ్ళేలోపు వాడు మళ్ళీ మర్చిపోతే?" అని మా ఆయన అక్కడే స్టూలు మీద కూర్చున్నారు. మొదట తెడ్డు పడలేదు. రీచార్జికి వచ్చిన వాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు. "లాగండి బాబాయ్, లాగండి!" అని షాపతను అరిచాడు. ఆయన పళ్ళు బిగించి లాగారు. పడవ ఒక్క బారెడు కదిలింది. ఆ షాపతనికి నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

ఉలి పట్టడానికి కార్తీకం దాకా ఆగాల్సొచ్చింది. మొదట చెక్కింది ఒక మామిడి పిందె అచ్చు, తోక వంకరగా. దాన్ని అమ్మనివ్వలేదు.

ఈ ఏడు మూలా నక్షత్రం నాడు పుస్తకాలూ, ఉలులూ, ఆ వంకర పిందే పీట మీద పెట్టాను. ఆటపెట్టెని పెట్టలేదు. జీతానికి బండి తోలేవాడు కూడా యజమాని బండికి నిమ్మకాయ కడతాడు, నిజమే. కానీ, బొట్టు పెట్టావు కాబట్టి ఇక కదలనని ఆ బండి అనదు.

మా ఆయన టీవీ కింద పెట్టె వైపు చూపించారు. "దానికి పసుపు పెట్టలేదేమే?"

"మనది కాదన్నారుగా. వాళ్ళనే వచ్చి పెట్టుకోమనండి."