పైన వదిలిన ఆకాశం

ఫిషింగ్ హార్బర్‌లో ఎవరిని ఫొటో తీసినా, పత్రికల ముఖచిత్రాలకి ఫొటోలు తీసే నా స్నేహితుడు అరచేతిని మెల్లగా కిందకి దించేవాడు. "కొంచెం కిందకి, బావా! పైన ఆకాశం వదలాల. పుస్తకం పేరు అక్కడే ఏత్తారు." ఆ చెయ్యంటే నాకు చిరాకు.

అతను తీసిన, వల బాగుచేస్తున్న ఒక పడవ సరంగు ఫొటో ఒక పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. ఆ వారమే సరంగు చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. ఇంట్లో వేరే ఫొటో లేక, భార్య ఆ ముఖచిత్రానికే దండ వేసింది. అప్పటి నుంచి అతని కెమెరా కనిపిస్తే జనం లేచి వెళ్లిపోయేవారు.

"మనుసులొద్దంటే సముద్రాన్నే తీత్తాను," అంటూ ఒకరోజు తనే వేట పడవెక్కాడు. తన ఫోను నా చేతికిచ్చి, "నాదీ ఓటి తియ్యి, బావా," అన్నాడు.

ఫోను ఎత్తాను. నాకు తెలియకుండానే నా ఎడమ అరచెయ్యి మెల్లగా కిందకి దిగింది. అతను బుద్ధిగా వంగాడు.

ఫొటోలో ఆకాశం చాలా వచ్చింది.