బిరిబో సుత్తి

సిమెంటు కనబడితే చాలు, సుత్తితో కొట్టి చెవి ఆనించి వినకపోతే బిరిబోకి తిన్న చేప అరగదు. చర్చి మెట్లు కొట్టాడు, నీళ్ల తొట్టి కొట్టాడు, ప్రసంగం మధ్యలో పాస్టరుగారు ఆనుకున్న స్తంభాన్నీ కొట్టాడు. ‘ఠంగ్’ మంటే బతికున్నట్టు, ‘డొబ్’ మంటే చచ్చినట్టు. తరావా దీవిలో ఈమధ్య అన్నీ డొబ్బే.

సముద్రంలో నిలబడ్డ పాత జెట్టీ అయితే మరీనూ. లోపలి ఇనుపచువ్వలు ఉప్పు తాగి, తుప్పుపట్టి, ఉబ్బి, సిమెంటును పెచ్చులు పెచ్చులుగా కక్కేస్తున్నాయి. బిరిబో దాని పక్కన శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చునేవాడు.

“ఏడుస్తావేం? కట్టింది నువ్వేగా!” అనేది తికువా. జెట్టీ ఒడ్డుకు తగిలే చోట, దాని కింది నీడలో చేపలమ్ముకునే ముసలామె.

“నేనే అక్కా. ఒడ్డున ఇసుకుండగా పడవలో తెప్పించడమెందుకనుకున్నాం. మంచినీళ్లు తాగడానికే చాలవని సముద్రపు నీళ్లే పోశాం. ఆ ఉప్పు ఈ చేత్తోనే కలిపా.”

అంత పాపం మోసేవాడు ఊరుకోవచ్చుగా? ఊరుకోడు. ఒకరోజు తికువా నెత్తిమీది జెట్టీ పలకను కొట్టి, విని, ఆమె చాప చూపించాడు.

“అక్కా, నువ్వు కూర్చునే చోటు నాకివ్వు.”

ఆ దీవిలో అలా అడగడాన్ని బుబుతి అంటారు. ఒకరు నోరు తెరిచి అడిగాక లేదనడం కంటే సముద్రంలో దూకడం నయం. తికువా పళ్లు నూరుతూ పక్కకి జరిగింది. నెల తిరక్కుండా ఆ చోటూ అడిగాడు. చివరికి ఎండలో పడింది. మధ్యాహ్నానికే చేపలు కంపెత్తాయి, కొనేవాళ్లు ముక్కులు మూసుకున్నారు.

“ఇచ్చిన చోట ఒక్కపూటైనా కూర్చున్నావా, ఆశపోతూ? నీకు నీడ కావాలా, నా బతుకు కావాలా?”

“రెండోదే,” అన్నాడు బిరిబో. తికువా చేపతల విసిరింది.

“ఉండు, రేపు నేనూ అడుగుతా, నా మొదటి చోటు నాకిమ్మని!”

బిరిబో మొహం పాలిపోయింది. ఆమె అడిగితే ఇవ్వక తప్పదు. అందుకే మర్నాటి నుంచి ఆమె నోరు తెరిచేలోపే పరుగు! నాలుగో రోజు తికువా చాప చంకన పెట్టుకుని ఒడ్డంతా తరిమింది. వెనక ధడేలుమంది. తిరిగి చూస్తే ఆమె మొదటి చోటు మీద జెట్టీ పలక ముక్కలై పడి ఉంది. పైన తుప్పుచువ్వలు చేపముళ్లలా వేలాడుతున్నాయి.

“ముందే చెప్పి చావొచ్చుగా!”

“పడుతుందంటే నువ్వు లేచేదానివా? అడిగితేనే లేస్తావు.”

తికువా చంకలోని చాప కింద పడేసింది. చెయ్యి చాపింది.

“ఆ సుత్తి నాకివ్వు.”

బిరిబో పసిబిడ్డను అప్పగించినట్టు ఇచ్చాడు. తికువా అతని బట్టతల మీద మెల్లగా తట్టి, చెవి ఆనించింది.

“డొబ్,” అంది. “అయినా ఉంచుకుంటాంలే.”